శనగపచ్చ పురుగా, అసల్టానా? తేల్చే పద్ధతి

అందరికీ నమస్కారం. మీ బల్లల మీద ఒక్కో అట్టపెట్టె ఉంది. అందులో గుండుసూదులకు గుచ్చిన రెక్కల పురుగులు ఆరు. మూత ఇప్పుడే తీయకండి. మొదటి చూపుకు ఆరూ ఒకటే అనిపిస్తాయి, ఆ మొదటి చూపు మనసులో నాటుకుంటే తర్వాత చెరపడం కష్టం. ముందు మాట్లాడుకుందాం, తర్వాత తెరుద్దాం.

ఇవాళ్టి విషయం హెలికోవెర్పా ఆర్మిజెరా, హెలికోవెర్పా అసల్టా. నాక్ట్యుయిడే కుటుంబంలో ఇవి అక్కచెల్లెళ్ల లాంటివి. ఆర్మిజెరా మనందరికీ తెలిసిన శనగపచ్చ పురుగు. అసల్టాకు తెలుగులో విడిగా పేరు లేదు. పొగాకు మొగ్గలో పచ్చ పురుగు కనిపిస్తే రైతు దాన్నీ శనగపచ్చ పురుగే అంటాడు, మనమూ రిజిస్టరులో అదే రాస్తాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

పేర్ల సంగతి ఇంకొక్క మాట. మన పత్తి పుస్తకాల్లో ఆర్మిజెరాను 'అమెరికన్ బోల్‌వార్మ్' అని రాస్తారు. అది అమెరికా పురుగే కాదు. ఆసియా, ఆఫ్రికా, యూరప్, ఆస్ట్రేలియాల్లోది. బ్రెజిల్‌లో ఉందని తేలిందే 2013లో. అమెరికాలో పత్తినీ మొక్కజొన్ననూ తినే దాని దాయాది హెలికోవెర్పా జియా. 1965లో హార్డ్‌విక్ హెలికోవెర్పా ప్రజాతిని విడదీసేదాకా ఇవన్నీ హీలియోథిస్ కిందే ఉండేవి. ఆ తర్వాత కూడా చాలాకాలం పాత పేరే నడిచింది. 1981లో పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు పేరులోనూ 'హీలియోథిస్' అనే ఉంది. అందుకని పాత రిపోర్టులో 'హీలియోథిస్' కనిపిస్తే, అది ఏ పంట మీద పట్టిన పురుగో చూడకుండా ఆర్మిజెరా అని ఎక్కించేయకండి.

తేడా తెలుసుకోకపోతే నష్టమేమిటని అడగొచ్చు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో పైరిత్రాయిడ్ మందులు శనగపచ్చ పురుగు మీద పనిచేయకుండా పోయిన సంగతి పెద్దవాళ్లందరికీ గుర్తే. మందులను తట్టుకునే శక్తి కథంతా ఆర్మిజెరాది. అసల్టా కొద్ది మొక్కలకే కట్టుబడిన పురుగు, ఇన్ని పంటల్లో ఇన్ని మందుల తాకిడి దానికి తగలదు. రెండింటినీ కలిపి ప్రయోగశాలలో పరీక్షించి 'ఇంత శాతం చచ్చింది' అంటే ఆ అంకె ఏ పురుగుదీ కాదు.

పంటే మొదటి జల్లెడ

పురుగును చూడకముందే మొక్కను చూడండి. ఆర్మిజెరా 180కి పైగా మొక్కల మీద బతుకుతుంది: శనగ, కంది, పత్తి, టమాటా, మిరప, పొద్దుతిరుగుడు, మొక్కజొన్న, పొగాకు. అసల్టా వంకాయ కుటుంబానికే పరిమితం. పొగాకు, మిరప, ఉమ్మెత్త, గట్ల మీద పెరిగే కుపంటి, అంటే ఫైసాలిస్. చైనా, కొరియాల్లో మిరపకాయలను తొలిచే ముఖ్యమైన పురుగు ఇదే.

కనుక పత్తి కాయలోనో కంది కాయలోనో దొరికిన పురుగును పట్టుకుని అసల్టా ఏమోనని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ప్రశ్న పుట్టేది పొగాకు, మిరప, కుపంటి మీదే. కానీ ఈ జల్లెడ ఒకవైపే పనిచేస్తుంది. పొగాకు మీద దొరికింది కాబట్టి అసల్టా అనడానికి లేదు, ఆర్మిజెరా కూడా పొగాకు కాయను శుభ్రంగా తింటుంది. తెలంగాణలో కుసుమ వేసే చోట మూడో పురుగు కూడా వస్తుంది, హీలియోథిస్ పెల్టిజెరా. కుసుమ మొగ్గను తొలుస్తుంది. దాని సంగతి రెక్కల దగ్గర చెబుతాను.

బుట్టలో పడింది కదా అని

లింగాకర్షక బుట్టలో, అంటే ఆడపురుగు వాసన ఎరగా పెట్టి మగపురుగులను పట్టే బుట్టలో, పడింది కాబట్టి ఆర్మిజెరాయే అనుకోవడం అందరూ చేసే పొరపాటు. ఎరలో ఏముందో తెలిస్తే ఆ ధీమా తగ్గుతుంది. ఆర్మిజెరా ఆడపురుగు వాసనలో రెండు ముఖ్యమైన పదార్థాలు: జడ్-11-హెక్సాడెసెనాల్, జడ్-9-హెక్సాడెసెనాల్. ఎరలో వాటి పాళ్లు 97కు 3. అసల్టాలోనూ అవే రెండు, పాళ్లు మాత్రం తలకిందులు: జడ్-9 తొంభైకి పైగా, జడ్-11 కొద్దిగా. సామాను ఒకటే, కొలతలు వేరు. చారూ సాంబారూ అనుకోండి.

దీన్నుంచి మనకు పనికొచ్చేవి మూడు. ఒకటి, అసల్టా ఉందో లేదో చూడాలంటే శనగపచ్చ పురుగు ఎర పెట్టి లాభం లేదు, దాని ఎర దానికి కావాలి. రెండు, రెండు ఎరలూ ఒకే బుట్టలో పెడితే పాళ్లు చెడి రెండూ పడవు. అందుకే విడి బుట్టలు, విడి చేతి తొడుగులు. ఆర్మిజెరా ఎర పట్టుకున్న వేళ్లతోనే అసల్టా ఎరను తగిలిస్తే ఆ బుట్ట లెక్క చెడినట్టే. మూడు, ఇవి ఆల్డిహైడ్లు, ఎండకూ గాలికీ పాడవుతాయి. రబ్బరు బిళ్లను మూడు నాలుగు వారాలకు మార్చాలి. పాత బిళ్లను చేలోనే పారేస్తే అది అక్కడినుంచే మగపురుగులను పిలుస్తూ ఉంటుంది, బుట్టలో లెక్క పడిపోతుంది.

ఆర్మిజెరా ఎరకు పెల్టిజెరా కూడా వస్తుంది. దాని వాసనలోనూ జడ్-11 ముఖ్యమైనదే. కుసుమ చేను పక్కన బుట్ట ఉంటే ప్రతి రెక్కనూ చూడాల్సిందే.

బుట్ట పైరు కొనలకు అడుగు ఎత్తులో ఉండాలి. గుర్తింపు కోసమైతే రోజూ పొద్దున్నే తీయండి. సంచిలో రెండు మూడు రోజులు కొట్టుకున్న పురుగుకు రెక్కల మీద పొలుసు మిగలదు, పొలుసు లేకపోతే గీతలూ లేవు.

పురుగు దశ: రంగు వదిలేయండి

ఇక్కడ కాస్త ఆగాలి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. రంగు చూడకండి. ఆర్మిజెరా పురుగు పచ్చగా ఉండొచ్చు, గోధుమ రంగులో, గులాబీలో, పసుపులో, దాదాపు నల్లగా కూడా ఉండొచ్చు. ఒకే తల్లి పిల్లల్లోనే ఇన్ని రంగులు. అసల్టా కూడా అంతే. 'పచ్చగా ఉంటే ఇది, గోధుమగా ఉంటే అది' అని ఎవరైనా చెబితే విని ఊరుకోండి.

ముందు హెలికోవెర్పా అవునో కాదో చూడాలి. పొగాకులోనూ మిరపలోనూ లద్దె పురుగు, స్పోడోప్టెరా లిటూరా, ఎలాగూ ఉంటుంది. దాని చర్మం నున్నగా ఉంటుంది, పొట్ట మొదటి ఖండం మీదా ఎనిమిదో ఖండం మీదా నల్లని మచ్చలుంటాయి. హెలికోవెర్పా చర్మాన్ని భూతద్దం కింద చూస్తే సన్నని ముళ్లతో గరుకు కాగితంలా ఉంటుంది. ఇది చేలో నిలబడి అర నిమిషంలో తేల్చే పని.

తర్వాతిది చేలో కాదు. పెరిగిన పురుగు కావాలి, ఐదో దశ గానీ ఆరో దశ గానీ. 20 రెట్ల నుంచి 40 రెట్లు పెద్దగా చూపే మైక్రోస్కోప్ కావాలి. 10 రెట్ల చేతి భూతద్దం చాలదు. పురుగును సరిగ్గా చంపడం ముఖ్యం. బతికున్నదాన్ని నేరుగా ఆల్కహాల్లో వేస్తే ముడుచుకుపోతుంది, కొద్ది రోజులకు నల్లబడుతుంది. నీళ్లు మరిగించి పొయ్యి మీదనుంచి దించి, బుడగలు ఆగాక అందులో పురుగును వేయండి. అర నిమిషం నుంచి నిమిషం. ఒళ్లు సాగి నిటారుగా అవుతుంది. అప్పుడు తీసి 80 శాతం ఆల్కహాల్లోకి మార్చండి. మరుగుతుండగా వేస్తే చర్మం పగులుతుంది.

ఇప్పుడు తల వెనక మొదటి ఖండం చూడండి, అంటే మొదటి జత కాళ్లున్న ఖండం. దాని పక్కన నిలువుగా కోడిగుడ్డు ఆకారంలో ఒక శ్వాసరంధ్రం ఉంటుంది. రంధ్రానికి ముందు, తల వైపు, చిన్న గట్టి బిళ్ల మీద రెండు రోమాలుంటాయి. ఆ రెండు రోమాల మొదళ్లను కలుపుతూ మనసులో ఒక గీత గీసి, దాన్ని వెనక్కి, రంధ్రం వైపు పొడిగించండి.

ఆ గీత శ్వాసరంధ్రంలోంచి పోయినా, రంధ్రం అడుగు అంచును తాకినా, అది ఆర్మిజెరా.

గీత రంధ్రం అడుగు అంచుకు బాగా దూరంగా, కిందుగా పోతే, అసల్టా.

పురుగు దశలో నేను నమ్మే లక్షణం ఇదే. ఇందులోనూ జారిపడే చోట్లున్నాయి. పొట్ట ఖండాల మీద కూడా శ్వాసరంధ్రాలుంటాయి, కంగారులో వాటిని చూసి కొలిచేవాళ్లున్నారు. రోమం కొనను కాదు, మొదలును చూడాలి. రోమం వంగుతుంది, విరుగుతుంది. మొదట్లో ఉన్న గుంట ఎక్కడికీ పోదు. పురుగు ముడుచుకుని చచ్చి ఉంటే చర్మం మడతపడి బిళ్ల జరుగుతుంది, గీత తప్పుతుంది. వేడి నీళ్ల గొడవంతా అందుకే. ఇంకొకటి, రెండు పక్కలూ చూడండి. ఒక పక్క తాకుతూ, ఇంకో పక్క తాకకుండా ఉంటే ఆ పురుగు మీద నిర్ణయం ఆపేయండి.

తోడుగా చర్మం మీది ముళ్లు: ఆర్మిజెరాలో పొడవుగా, కొన సూదిగా. అసల్టాలో పొట్టిగా, మొద్దుగా. రెండు నమూనాలూ పక్కపక్కన ఉంటే తేడా స్పష్టం. ఒకటే చేతిలో ఉంటే 'పొడవు' అనేదానికి అర్థం లేదు. అందుకే ప్రతి ప్రయోగశాలలోనూ పోలికకు ఒక్కో జాతి పురుగు సీసాలో ఉండాలి.

గుడ్డు దగ్గర ఎక్కువసేపు ఆగను. రెండింటిదీ అర మిల్లీమీటరు గుడ్డే, విడివిడిగా పెడతాయి. ఆర్మిజెరా గుడ్డు కాస్త ఎత్తుగా ఉంటుంది, నిలువు గీతలు చీలుతూ అడుగుదాకా దిగుతాయి. అసల్టాది చదునుగా, గీతలు చీలకుండా, అడుగుకు చేరకుండా. మంచి మైక్రోస్కోప్ ఉన్నవాళ్లకే ఇది. ప్యూపాలో, అంటే పురుగు తినడం మాని రెక్కల పురుగుగా మారే దశలో, పొట్ట 5 నుంచి 7 ఖండాల ముందు అంచున గుంటలు చూడండి: ఆర్మిజెరాలో పెద్దవిగా, ఎడంగా. అసల్టాలో సన్నగా, దట్టంగా.

పెంచి చూడటం

అనుమానం తీరకపోతే పురుగును పెంచి రెక్కల పురుగును రప్పించడమే మేలు. ఒక్కో డబ్బాలో ఒక్కటే. ఇవి ఒకదాన్నొకటి తింటాయి. పది పురుగులను ఒకే సీసాలో వేస్తే రెండు మిగులుతాయి, ఆ రెండు ఏ మొక్క మీదవో చెప్పలేం. 25 నుంచి 27 డిగ్రీల వేడి. ఏ మొక్క మీద దొరికితే ఆ మొక్క మొగ్గలూ కాయలే పెట్టండి. అలవాటుగా నానిన శనగలు వేయకండి. ఆర్మిజెరా హాయిగా తింటుంది, మీకు కావలసిన అసల్టా పస్తుంటుంది. చివరికి అన్నీ ఆర్మిజెరాలే బయటికొస్తాయి, చేలో కూడా అవే ఉన్నాయని మీరు రాస్తారు. చిన్న దశలో తెచ్చినవాటిలో కొన్ని మధ్యలోనే చచ్చి పక్కన చిన్న గూడు కనిపిస్తే అది కాంపొలెటిస్ క్లోరిడియే అనే కందిరీగ జాతి పరాన్నజీవి పని. మీ పెంపకం తప్పు కాదు.

రెక్కల పురుగు వచ్చాక దాని లార్వా చివరి పొరనూ ఖాళీ ప్యూపా తొడుగునూ పారేయకండి. అదే సూదికి చిన్న గొట్టంలో తగిలించండి. మూడు దశల సాక్ష్యం ఒక్క సూది మీద ఉంటే తర్వాత ఎవరు అడిగినా జవాబు దొరుకుతుంది.

రెక్కలు

ముందు పెల్టిజెరాను పక్కన పెట్టేద్దాం. ముందు రెక్క మీద రెండు గుర్తులుంటాయి. లోపలివైపు గుండ్రటి చుక్క, దానికి బయటివైపు జీడిపప్పు ఆకారపు మచ్చ. పెల్టిజెరాలో ఆ జీడిపప్పు మచ్చ పెద్దగా, ముదురుగా ఉండి రెక్క ముందు అంచున ఉన్న ముదురు మరకతో కలిసిపోతుంది. రెక్క వెనక మూల దగ్గర ఒక చిన్న నల్ల చుక్క కూడా ఉంటుంది. హెలికోవెర్పాలో జీడిపప్పు మచ్చ అంచుతో అలా కలవదు.

ఇక అసలు జంట. ఆర్మిజెరా మగది సాధారణంగా ఆకుపచ్చ కలిసిన బూడిద, ఆడది ఇటుక రంగు కలిసిన గోధుమ. అసల్టా కాస్త పసుపు తేలి ఉంటుంది, గీతలు స్పష్టంగా గీసినట్టుంటాయి. ఆర్మిజెరా గీతలు తడి చేత్తో రుద్దినట్టు మసకగా ఉంటాయి. ఇది మొదటి సూచన మాత్రమే, పాతబడిన పురుగులో రంగు ఎలాగూ వెలిసిపోతుంది.

నమ్మదగింది గీతల వాలు. రెక్క మధ్యలో జీడిపప్పు మచ్చ దగ్గర్నుంచి వెనక అంచుదాకా ఒక ముదురు గీత దిగుతుంది. దాన్ని నడిమి గీత అందాం. ఆర్మిజెరాలో అది బాగా ఏటవాలుగా లోపలికి వచ్చి, వెనక అంచును చేరేసరికి గుండ్రటి చుక్కకు సరిగ్గా కిందికొస్తుంది. అసల్టాలో అంత వాలదు, చుక్క కిందిదాకా రాదు. దానికి బయటివైపు గీత కూడా ఇంతే: ఆర్మిజెరాలో దాని చివర జీడిపప్పు మచ్చ నడుముకు కిందుగా చేరుతుంది, అసల్టాలో చేరదు.

వెనక రెక్కలో అంచున వెడల్పు నల్లపట్టీ రెండింటికీ ఉంది. అసల్టాలో ఆ పట్టీకి లోపలివైపు, పట్టీతో సమాంతరంగా, ఒక సన్నని గీత నడుస్తుంది. ఆర్మిజెరాలో ఆ గీత ఉండదు. రెక్కలు ముడుచుకున్న పురుగులో వెనక రెక్క కనిపించదు. అందుకే ఫోన్లో పంపే ఫొటోల్లో నూటికి తొంభై తేల్చడానికి పనికిరావు. పురుగు చచ్చిన కొద్ది గంటల్లో రెక్కలు పరచాలి. ఎండిపోతే తడి ఇసుక ఉన్న మూత డబ్బాలో ఒక రాత్రి ఉంచి మెత్తబరచండి. బూజు రాకుండా రెండు చుక్కల ఫినాల్.

పొట్ట కోసి చూడాల్సి వచ్చినప్పుడు

ఆర్మిజెరా, అసల్టాల మధ్య పై లక్షణాలు చాలు. కోత తప్పనిది ఆర్మిజెరా, జియాల మధ్య. ఆ రెండూ రెక్కలతో అసలు విడిపోవు, ఎరకు కూడా విడిపోవు, వాటి వాసన అంత దగ్గర. 2014లో ప్యూర్టోరికోలో, 2015లో ఫ్లోరిడాలో ఆర్మిజెరా కనిపించాక అక్కడి బుట్టల్లో పడిన మగపురుగులను ఇలా కోసి చూడాల్సిన పని పెరిగింది. జియా మన దగ్గర లేదు. ఓడరేవుల్లో విదేశీ సరుకు పరీక్షించేవాళ్లకు ఈ పద్ధతి అవసరం.

మగదో కాదో ముందు తేల్చండి. వెనక రెక్క మొదట్లో ముందు రెక్కకు తగులుకునే ముల్లు మగదానికి ఒకటే, లావుగా. ఆడదానికి ఒకటికి మించి, సన్నగా.

పొట్టను ఫోర్సెప్స్‌తో పైకి నెడితే విరుగుతుంది. విరిగిన క్షణమే నంబరు వేసిన గొట్టంలో వేయండి, అదే నంబరు సూది మీద కూడా. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, అంటే 100 మిల్లీలీటర్ల ద్రావణంలో 10 గ్రాములు. గది వేడిలో ఒక రాత్రి, లేదా వేడినీళ్ల గిన్నెలో గొట్టం నిలబెట్టి 15 నుంచి 20 నిమిషాలు. నేరుగా మంట మీద పెడితే ద్రావణం చిమ్ముతుంది, కళ్లకు ప్రమాదం. కళ్లద్దాలు తప్పనిసరి. ఎక్కువసేపు ఉంచితే అన్నీ గాజులా పారదర్శకమై ఏదీ కనిపించదు, తక్కువైతే కండ వదలదు.

నీళ్లలో కడిగి, 30 శాతం ఆల్కహాల్లో చిన్న కుంచెతో పొలుసు దులిపి, మగ అవయవాన్ని వేరు చేయాలి. అందులో గొట్టంలాంటి భాగం ఈడియాగస్. దానిలో మెలికలు తిరిగి ముడుచుకున్న పొర వెసికా. దాన్ని బయటికి తిప్పకుండా చూసి ఏమీ చెప్పలేం. ఇన్సులిన్ సిరంజి సూదిని ఈడియాగస్ వెనక రంధ్రంలో పెట్టి ఆల్కహాల్ మెల్లగా ఎక్కిస్తే పొర చుట్లు విప్పుకుంటూ బయటికొస్తుంది. గబగబా నొక్కితే పగిలిపోతుంది. పొర మొదట్లో ఉబ్బులు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే ఆర్మిజెరా, మూడుంటే జియా.

దీన్ని కెనడా బాల్సంలో గాజు పలక కింద అదమడం నాకు నచ్చదు. చుట్లు నలిగి, మళ్లీ చూసేవాడికి ఉబ్బు ఏదో మడత ఏదో తెలియదు. నీరు పూర్తిగా పోకపోతే బాల్సం పాలలా తెల్లబడుతుంది కూడా. గ్లిసరిన్ ఉన్న చిన్న గొట్టంలో వేసి పురుగు సూదికే గుచ్చండి. కావలసినప్పుడు తిప్పి చూసుకోవచ్చు.

డీఎన్ఏ మాట అడుగుతారని తెలుసు. పరీక్షకు పంపాలంటే ఒక కాలు 95 శాతం ఆల్కహాల్లో చాలు. జాతిని గుర్తుపట్టడానికి చదివే డీఎన్ఏ ముక్క, 658 బేస్‌ల సీఓఐ బార్‌కోడ్, ఆర్మిజెరా, అసల్టాలను బాగా విడదీస్తుంది. ఆర్మిజెరా, జియాల దగ్గర జాగ్రత్త, బ్రెజిల్‌లో అవి కలిసి సంకరాలు పుట్టాయి. సీఓఐ తల్లి నుంచే వస్తుంది కాబట్టి తండ్రి ఎవరో అది చెప్పదు. బుట్టలో కీటకనాశిని ముక్క వేసి, వారం ఎండలో వదిలేసిన పురుగు కాలు నుంచి డీఎన్ఏ ఆశించకండి.

ఇక పెట్టెలు తెరవండి. ఆరింటిలో నాలుగు ఒక జాతివి, మిగతా రెండూ చెరొక జాతి. పెల్టిజెరాతో మొదలుపెట్టండి, జీడిపప్పు మచ్చ చూస్తే దొరికిపోతుంది. తర్వాత వెనక రెక్కలో లోపలి గీత వెతకండి. చివరి వరసలో ఒకదానికి పొట్ట లేదు, ఎవరూ విరగ్గొట్టలేదు, కోసిందే. దాని సూది మీది నంబరూ కింద గొట్టం మీది నంబరూ కలుస్తున్నాయో లేదో ముందు చూసుకుని, అప్పుడు చీటీ రాయండి: ఊరు, తేదీ, మొక్క, ఎర.